ఆమె ఒళ్ళు, మన నోళ్ళు

మా ఊరు ఝరాసంగంలో శివుడికి మొగలిపువ్వు పెడతారు. వేరే శివాలయాల్లో పెట్టరు. తెలిసిన కథే. నేను గొప్పంటే నేను గొప్పని బ్రహ్మకూ విష్ణువుకూ తగవు వచ్చినప్పుడు, జ్యోతిస్తంభం కొస చూసి వచ్చానని బ్రహ్మ బొంకాడు. ఆ బొంకుకు మొగలిపువ్వు సాక్ష్యం చెప్పింది. నా పూజకు ఇక నువ్వు పనికిరావు పొమ్మన్నాడు శివుడు. లోకమంతా వెలివేసిన ఆ పువ్వును కేతకి సంగమేశ్వరుడు మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు. పేరులోనే కలిపేసుకున్నాడు, కేతకి అంటే మొగలిపువ్వే.

మా గుడికి ఇంకో కథ కూడా ఉంది. కుపేంద్రుడనే సూర్యవంశపు రాజుకు చర్మవ్యాధి సోకింది. ఎన్ని మందులకూ లొంగలేదు. వేటకని ఈ మొగలిపొదల్లోకి వచ్చి, ఇక్కడి నీళ్ళతో ఒళ్ళు కడుక్కుంటే నయమైందట. గుడి కట్టించింది ఆ రాజేనంటారు. గుడి గుండం మెట్ల మీద కూర్చోబెట్టి అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం వచ్చేది.

"రాజు గదనే అమ్మా, ఆయన్ను గూడ ఒళ్ళు బాగలేదని అన్నరా?"

"నోరున్నోళ్ళు ఎవర్నైనా అంటరు బిడ్డా," అనేది అమ్మ.

2015 జూన్ 6, శనివారం. నటి ఆర్తి అగర్వాల్ చనిపోయిందన్న వార్త టీవీలో కింద పట్టీ మీద పరుగెడుతుంటే నేను పుట్టింట్లోనే ఉన్నాను. అమెరికాలో, అట్లాంటిక్ సిటీలోని ఆస్పత్రిలో ప్రాణం పోయిందట. వయసు 31. ఆమె 1984లో పుట్టింది. నేనూ ఆ ఏడే పుట్టాను. చనిపోయింది ఎవరో సినిమా మనిషి అని నాకు అనిపించలేదు. మా క్లాసు పిల్ల పోయినట్టు అనిపించింది.

'నువ్వు నాకు నచ్చావ్' 2001 సెప్టెంబరు 6న వచ్చింది. నేను మాత్రం దసరా సెలవుల్లో జహీరాబాదు టాకీసులో చూశాను. నలుగురం ఆడపిల్లలం, మాతో మా మేనత్త. పదిహేడేళ్ళ పిల్లలం, తెరమీద నందినిగా చేసిన ఆర్తికీ పదిహేడేళ్ళే. ఆ సినిమాలో వెంకటేష్ మాటలకు హాలంతా పడీపడీ నవ్వుతుంటే మేం నలుగురం మాత్రం ఆ అమ్మాయినే చూశాం. నిండు బుగ్గలు. నవ్వితే కళ్ళు సగం మూసుకుపోతాయి. కోపం వస్తే మూతి చిన్నపిల్లలా బిగుసుకుంటుంది. తిరుగు బస్సులో మా మేనత్త, "పిల్ల ముద్దుగుంది, తిన్న ఒళ్ళు" అంది. ఆ రోజు అది మెచ్చుకోలు మాట.

ఆమె తెలుగు పిల్ల కాదు. గుజరాతీ కుటుంబం, పుట్టి పెరిగింది న్యూజెర్సీలో. ఫిలడెల్ఫియాలో స్టేజీ మీద ఆడుతున్న పద్నాలుగేళ్ళ పిల్లను చూసి, సినిమాల్లోకి పంపమని తండ్రికి చెప్పింది నటుడు సునీల్ శెట్టి అంటారు. హిందీలో 'పాగల్‌పన్' ఒక్కటి చేసి హైదరాబాదు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళు తెలుగు సినిమాకు ఊపిరాడనివ్వలేదు. తరుణ్‌తో 'నువ్వు లేక నేను లేను', ఉదయ్ కిరణ్‌తో 'నీ స్నేహం', మహేశ్‌బాబుతో 'బాబీ'. 2002 జులైలోనే జూనియర్ ఎన్టీఆర్ 'అల్లరి రాముడు', చిరంజీవి 'ఇంద్ర' రెండూ వచ్చాయి, రెండింటిలోనూ ఆమె ఉంది. మరుసటి ఏడు వెంకటేష్‌తో 'వసంతం', బాలకృష్ణతో 'పలనాటి బ్రహ్మనాయుడు', రవితేజతో 'వీడే'. తర్వాత ప్రభాస్‌తో 'అడవి రాముడు', నాగార్జునతో 'నేనున్నాను'. ఇరవయ్యేళ్ళ వయసుకే ఆ తరం పెద్ద హీరోలు నలుగురి పక్కనా నిలబడింది. ఆ వయసులో మేం డిగ్రీ సెకండియర్ ఫీజు ఎలా కట్టాలా అని చూస్తున్నాం.

ఒక్క సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. తెరమీద ఆ పిల్ల గొంతు ఆ పిల్లది కాదు. తెలుగు రాని కథానాయికలందరికీ మనం అరువు గొంతే పెడతాం. నందిని కోపమూ అలకా ఏడుపూ ఎవరో డబ్బింగ్ ఆర్టిస్టు చీకటి గదిలో మైకు ముందు నిలబడి చెప్పినవి. అంటే ఆ అమ్మాయి దగ్గర మనం తీసుకున్నది మొహమూ ఒళ్ళూ మాత్రమే. మనసులో ఏముందో మనం వినలేదు, ఏ భాషలో ఆలోచిస్తుందో మనకు అక్కర్లేదు. ఆ ఒళ్ళు కొంచెం మారేసరికి ఇక ఆమెలో మనం పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె పతనం కథంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

మన భాషలో 'ఒళ్ళు చేసింది' అన్నది ఒకప్పుడు చల్లని మాట. కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లకు మూడో నెలలో బుగ్గలు నిండితే తల్లి ఆ మాట అని మురిసిపోయి, వెంటనే దిష్టి తీసేది. హాస్టలు నుంచి వచ్చిన పిల్లను "బక్కగైనవ్ బిడ్డా, తింటలేవా?" అనడం మా వైపు పలకరింపు. కరువులు చూసిన ఊళ్ళు ఇవి. ఒంటి మీద కాస్త కండ ఉందంటే ఇంట్లో జొన్నలున్నాయని గుర్తు. సన్నబడడం రోగానికో దిగులుకో ఆనవాలు. అలాంటి మాటను సినిమా పేజీలు తీసుకెళ్ళి తిట్టుగా మార్చాయి. 'బొద్దుగుమ్మ' అన్నారు. 'ఒళ్ళు చేసిన హీరోయిన్' అన్నారు. గుర్తుపట్టలేనంతగా మారిపోయిందని రాసి, పాత ఫొటో ఒకవైపు, కొత్త ఫొటో ఒకవైపు అచ్చేశారు. ఆ కొత్త ఫొటో ఎప్పుడూ కింది నుంచి తీసిందే, లేదా నోరు తెరిచి ఏదో తింటుండగా తీసిందే. యాభై దాటిన హీరో పొట్ట మీద ఆ పేజీల్లో ఒక్క శీర్షిక చూపించండి. నేను వెతికాను, దొరకలేదు.

ఈ పని ఆర్తితోనే మొదలు కాలేదు. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్ళు సావిత్రి నిండు మొహానికే దణ్ణం పెట్టారు. శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు నడిచిన ఆ నడక చేయడానికి ఎంత ఒడుపు కావాలో నటులకు తెలుసు. ఆ సావిత్రే తర్వాత లావైతే, ఆ లావునే చెప్పుకున్నారు. పంతొమ్మిది నెలలు స్పృహ లేకుండా పడి ఉండి, 1981 డిసెంబరు 26న ఆమె పోయింది. ఎముకల గూడుగా మిగిలిన ఆమె చివరి ఫొటో ఇవాళ్టికీ ఫోన్లలో తిరుగుతోంది. లావుగా ఉంటే చూశారు, చిక్కి శల్యమైతే చూశారు, మంచం పట్టినా చూడడం మానలేదు.

ఆర్తి దిగిపోయిన మెట్లు కూడా అందరి కళ్ళముందే ఉన్నాయి. 2005లో ప్రాణం మీదికి తెచ్చుకుంది, ఎలాగో బతికి బయటపడింది. అప్పుడైనా ఆమెను కాసేపు వదిలేయాల్సింది. ఆస్పత్రి గేటు దగ్గర కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఏడే 'ఛత్రపతి'లో ఒక్క పాటలో కనిపించింది. 2006లో సునీల్ హీరోగా 'అందాల రాముడు' చేసింది. 2007లో పెళ్ళి, రెండేళ్ళకు విడాకులు. చేతిలో సినిమాలు తగ్గాయి. ఒళ్ళు పెరిగింది. ఈ రెంటిలో ఏది ముందో ఏది వెనకో ఎవరూ అడగలేదు. దిగులుకు తిండి తినే మనుషులుంటారనీ, మందులకు ఒళ్ళు వచ్చే మనుషులుంటారనీ సినిమా పేజీ రాసేవాళ్ళకు తెలియక కాదు.

నా సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. దాచిపెట్టి ఈ వ్యాసం రాయడం నాకు చేతకాదు. 2008లో రాజశేఖర్ 'గోరింటాకు' వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి ఒక కాన్పు అయింది. నా ఒళ్ళూ మునుపటిలా లేదు. బస్టాండు గోడ మీద ఆ సినిమా పోస్టరు చూసి, పక్కనున్న ఆడపడుచుతో గట్టిగా అన్నాను. "అమ్మో, ఆర్తి అగర్వాల్ చూడు, ఎంత లావైందో!" ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఆ మాట అన్నందుకు ఒక్క క్షణం నా ఒళ్ళు నాకు తేలికైనట్టు అనిపించింది. నా మీద పడాల్సిన మాటను ఇంకొకరి మీదికి తోసేశాను కదా. మనలో చాలామందిమి చేసే పని ఇదేనని ఆనాడు నాకు తెలియదు. మా అత్తింట్లో నన్ను అనే మాటలను నేను తీసుకెళ్ళి ఎక్కడో అమెరికా పిల్ల నెత్తిన పెట్టాను.

ఆమె కొవ్వు తీయించుకునే ఆపరేషన్‌కు సిద్ధపడింది. హైదరాబాదులో ఒక డాక్టరు వద్దని వారించారని అప్పట్లో పత్రికలు రాశాయి. చివరికి అమెరికాలో చేయించుకుంది. లైపోసక్షన్ అంటే ఏదో జిమ్ముకు వెళ్ళొచ్చినట్టు చెబుతారు గానీ, అది కోత. చర్మానికి చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం లోపలికి దూర్చి, అటూ ఇటూ ఆడిస్తూ కింద ఉన్న కొవ్వును యంత్రంతో పీల్చేస్తారు. అసలు అది బరువు తగ్గించే వైద్యమే కాదు. ఒక్కోచోట పేరుకున్న కొవ్వు తీసి ఆకారం దిద్దడానికి పెట్టుకున్న పద్ధతి. ఒక్కసారిగా ఐదు లీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుందని సర్జన్లే హద్దు గీసుకున్నారు. కొవ్వు నలుసు రక్తంలో కలిస్తే ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చు. రక్తం గడ్డకట్టొచ్చు. ఆర్తికి ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు ఊపిరి తీయడం కష్టమైందని ఆమె మేనేజరు చెప్పారు. తర్వాత గుండె ఆగిపోయింది. ఆమె నటించిన 'రణం 2' విడుదలైంది జూన్ 5న. మరునాడే ఆమె లేదు.

ఆ సాయంత్రం టీవీలో ఆమె పాటలన్నీ వేశారు. నిన్నటిదాకా పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టినవాళ్ళే ఇప్పుడు పాత ఫొటో ఒక్కటే పెట్టి, దానికి పూలదండ వేశారు. అమ్మ టీవీ వైపు చూస్తూ, "గా నవ్వే పిల్లనే గదా?" అంది. అవునన్నాను. "ఏమైంది?" ఆపరేషన్ అని చెప్పాను. ఎందుకు ఆపరేషన్ అంది. లావు తగ్గడానికని చెప్పాను. అమ్మకు అర్థం కాలేదు. కడుపులో గడ్డ ఉంటేనో కాన్పు కష్టమైతేనో కోత పెడతారని తెలిసిన మనిషి. కాసేపు ఊరుకుని, "లావుంటే ఏమాయె?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

అదే ఏడాది నవంబరు 27న 'సైజ్ జీరో' వచ్చింది. దానికోసం అనుష్క నిజంగానే బరువు పెంచుకుంది. లావు పిల్లనని కుమిలిపోయే అమ్మాయి కథ, తొందరగా సన్నబడేలా చేస్తామని డబ్బు గుంజే వ్యాపారం మీద కథ. ఆర్తి పోయిన ఆరు నెలలకే అలాంటి సినిమా రావడం చూసి, ఇకనైనా మారతారేమో అనుకున్నాను. సినిమా ఆడలేదు. ఆ తర్వాత కూడా అనుష్క ఎక్కడ కనిపించినా ఆమె బరువునే లెక్కగట్టారు. ఒక నటి పాత్ర కోసం ఒళ్ళు పెంచుకుని, ఆ మాటలు తానే పడాల్సి రావడం కంటే ఇంకేం రుజువు కావాలి? 2022 మే 16న, మాకు పొరుగైన కర్ణాటకలో, బెంగళూరులో, చేతన రాజ్ అనే టీవీ నటి కొవ్వు తీయించుకోవడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంది. ఆమెకు ఇరవై ఒక్క ఏళ్ళు.

ఇదంతా సినిమా వాళ్ళ గొడవలే, పల్లెల్లో మనకేం అనుకునేవాళ్ళు ఫిజీ దీవుల సంగతి వినాలి. అక్కడ ఒకప్పుడు నిండైన ఒళ్ళే అందం. చిక్కిపోతే ఇంట్లో సరిగా చూసుకోవడం లేదేమోనని ఊరు బాధపడేది. అచ్చం మనలాగే. 1995లో ఆ దీవుల్లోని నద్రోగా అనే చోటికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే అమెరికా పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి బడి ఆడపిల్లలను అడిగి చూసింది. మొదటిసారి, సన్నబడడం కోసం వాంతి చేసుకున్నామన్న పిల్ల ఒక్కతీ లేదు. మూడేళ్ళకు నూటికి పదకొండు మంది చేసుకుంటున్నామన్నారు. నూటికి డెబ్బై నాలుగు మంది మేం లావుగా ఉన్నామని అప్పుడప్పుడూ అనిపిస్తుందన్నారు. మూడేళ్ళు, ఒక టీవీ. మా ఊళ్ళో ఇప్పుడు ప్రతి పిల్ల అరచేతిలోనూ అంతకంటే పెద్ద టీవీ ఉంది.

పోయిన శివరాత్రికి జాతర చూద్దామని ఊరికి వెళ్ళాను. గుడి ముందు రద్దీ, కర్ణాటక నుంచీ మహారాష్ట్ర నుంచీ వచ్చిన జనం. ఇంట్లో మా అక్క బిడ్డ ఉంది, ఇంటర్ చదువుతోంది. రాత్రి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని జొన్న రొట్టె తట్టి, పెనం మీంచి పొంగు మీద ఉన్నదాన్ని తీసి దాని పళ్ళెంలో వేసింది. ఆ పిల్ల రొట్టెను నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్క పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. మిగతా మూడు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ళెం అంచుకు నెట్టి, ఫోన్ తీసింది. అమ్మ చూసింది.

"గింతేనా? రొట్టె మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది అమ్మమ్మా. చాలు."

నేను పక్కన కూర్చున్నాను. ఫోన్లో ఒక నటి ఫొటోలు రెండు, అప్పుడు, ఇప్పుడు. కింద వందల మంది నవ్వు బొమ్మలు. వాటిని ఒక్కొక్కటీ పైకి తోస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"చిన్నమ్మా, నేను లావుగున్ననా?"

ఆ పిల్ల మణికట్టు నా రెండు వేళ్ళకు అందుతుంది. ఏం చెప్పను? 'లేదే, సన్నగానే ఉన్నావు' అంటే లావు తప్పే అని నేనే ఒప్పుకున్నట్టు. కాసేపు ఆగి, 'నువ్వు నాకు నచ్చావ్'లో నందిని తెలుసా అని అడిగాను. తెలియకేం, టీవీలో ఎన్నిసార్లు చూసిందో. వెంటనే దాని మొహం వెలిగింది. ఆమె చనిపోయిందని చెబితే నమ్మలేదు. "గామె సచ్చిపోయిందా? ఎప్పుడు?" ఆ పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టకముందే నందిని లేదు. జరిగింది మొత్తం చెప్పాను. బస్టాండు దగ్గర నేనన్న మాట కూడా చెప్పాను. అది ఫోన్ బోర్లా పెట్టింది. రొట్టె మాత్రం తినలేదు. ఒక్క కథతో అలాంటివి తిరిగిరావు.

ఒళ్ళు చూడకుండా గొంతు వినే చోటు ఒకటి మా మండలంలోనే ఉంది, మాచ్‌నూర్. 2008 అక్టోబరు 15న, నేను ఆ పోస్టరు చూసి నవ్విన ఏడే, అక్కడ సంఘం రేడియో మొదలైంది. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళది. దేశంలో పల్లె మనుషులు నడిపిన తొలి సామాజిక రేడియోల్లో ఒకటి. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, ఇంకా ఎందరో దళిత మహిళలు మైకు ముందు కూర్చుని కొర్రల గురించీ సామల గురించీ విత్తనం దాచుకోవడం గురించీ చెబుతారు, పాటలు పాడతారు. చుట్టుపక్కల ఊళ్ళు వింటాయి. చెప్పే మనిషి లావా, సన్నమా, నలుపా, తెలుపా అని ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. చిన్నప్పటి నుంచీ కూలికి వంగిన ఒళ్ళు ఆ గదిలో మాటై బయటికి వస్తుంది. ఆర్తికి మనం ఒళ్ళు ఉంచి గొంతు తీసేశాం. ఇక్కడ గొంతు మాత్రమే వస్తుంది. ఎప్పుడైనా మాచ్‌నూర్ మీదుగా వెళ్ళినప్పుడు నాకు అనిపిస్తుంది, ఆ న్యూజెర్సీ పిల్లను ఒక్క రోజైనా ఇలా ఒక మైకు ముందు కూర్చోబెట్టి, నీ సొంత మాట చెప్పమ్మా అని అడిగి ఉంటే ఏం చెప్పేదో అని.

మా అక్క బిడ్డ రొట్టె వదిలేసిన మర్నాడు, గుండం దగ్గర ఒక ముసలాయన మొగలిపువ్వులు అమ్ముతున్నాడు. ఆకుల అంచున రంపంలా ముళ్ళు. విప్పితే లోపల లేత పసుపు రేకు, దూరం దాకా వాసన. ఒకటి కొని మా పిల్ల చేతిలో పెట్టాను. సగం దేవుడికి ఇచ్చి, సగం జడలో పెట్టుకుంది.

ఈ ఆదివారమో వచ్చే ఆదివారమో టీవీలో మళ్ళీ 'నువ్వు నాకు నచ్చావ్' వస్తుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు, చూడండి. మీ పక్కన ఒక ఆడపిల్ల ఉంటుంది. ఆర్తి లావైన సంగతి, తగ్గిన సంగతి ఆ పిల్ల ముందు తీయకండి. ఇంకే నటి ఒంటి గురించీ తీయకండి. ఆ పిల్ల ఒంటి గురించి అసలే వద్దు. తిన్నావా బిడ్డా అని అడగండి, చాలు.